కిందిబీడు గేటు

ఎవరడిగినా బుర్గి ఆ దారి గురించి ఒకే మాట చెప్పేది. "మోకాళ్లకు నొప్పి లేదు, గుండెకు దడ లేదు, మధ్యలో మజ్జిగ ఉంది."

ఇరవై రెండు కిలోమీటర్ల చుట్టు. చర్చి వెనక మొదలై, అడవిలో వాగు పక్కనే మెల్లగా ఎక్కి, కిందిబీడు అనే పచ్చికబయలు మీదుగా, వేసవిలో అక్కడ మంద కాచే రోసినా గుడిసె దాకా వెళ్లి, అవతలి పచ్చికల్లోంచి దిగి మళ్లీ చర్చి ముందుకే వస్తుంది. వేసవిలో తన ఇంట్లో అద్దెకు దిగే అతిథుల్ని బుర్గి పదకొండేళ్లుగా ప్రతి బుధవారం ఆ దారిన సైకిళ్ల మీద తీసుకెళుతోంది.

అసలు ఆ దారిలోకి సైకిళ్లు రావడమే ఆమె సాధించిన పని. మొదట్లో ఆవులున్న వాళ్లెవరూ ఒప్పుకోలేదు. సారాయి కొట్టులో జరిగిన సమావేశంలో రోసినా వాళ్లన్నయ్య గీడి బల్ల మీద గుద్ది మరీ అన్నాడు. "పట్నం వాళ్లు గేటు తెరుస్తారు గానీ మూయరు. వాళ్లిళ్లలో తలుపులు వాటంతటవే మూసుకుంటాయట."

బుర్గి లేచి నిలబడింది. "నా వాళ్లు మూస్తారు. మూయకపోతే నన్నడుగు" అంది. ఆ మాట మీద ఒప్పుకున్నారు. మర్నాడే ఆమె మొగుడు లెంజ్ తన కోతమిల్లులో నాలుగు పలకలు కోసిచ్చాడు. దారిలో ఉన్న నాలుగు గేట్లకూ బుర్గి తన చేత్తో రాసిన పలకలు వేలాడదీసింది. 'తెరిచావా? మూసి వెళ్లు.'

బయల్దేరేముందు పాఠం తప్పదు. అందరికంటే వెనక వచ్చేవాళ్లే గేటు మూయాలి, గొలుసు తగిలించి ఒకసారి లాగి చూడాలి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఈ వెనక వచ్చే పని తొమ్మిదేళ్లుగా వోండ్రాక్ గారిదే.

ఓట్టోకార్ వోండ్రాక్ వియన్నాలో ముప్పై ఏడేళ్లు ట్రామ్ నడిపి రిటైరైన మనిషి. డెబ్బై ఒకటి నిండాయి. బక్కపలచని మనిషి, ప్యాంటు కాళ్లకు బట్టల క్లిప్పులు పెట్టుకుంటాడు, మలుపు వచ్చినప్పుడల్లా ఎదురుగా ఎవరూ లేకపోయినా గంట కొడతాడు. బ్యాటరీ సైకిలు ఎక్కమంటే ఎక్కడు. అందుకని ఎప్పుడూ చివరే. గేటు మూసి, గొలుసు లాగి చూసి, చెయ్యెత్తి "తలుపులు పడ్డాయి, పోనివ్వచ్చు!" అని అరుస్తాడు. అప్పుడు గానీ బుర్గి పెడలు తొక్కదు. ఆ అరుపు కోసం ఆగడం అతిథులకు కూడా ఒక సరదా.

ప్రతి ఏడూ ఆయనా భార్య హెర్మీనె జూన్‌లో వచ్చేవాళ్లు. ఈ ఏడు హెర్మీనె మోకాలి ఆపరేషన్ వల్ల జూలై ఆఖరుకు గానీ రాలేకపోయారు.

జూలై ఆఖరి బుధవారం ఏడుగురు బయల్దేరారు. ఎండ గట్టిగా ఉంది. అడవి దాటి కిందిబీడు గేటు దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర. గేటు మూసి ఉంది. బుర్గికి నవ్వొచ్చింది. యాకోబు పండుగ వెళ్లి ఆరు రోజులైంది. పండుగకు మంద పైబీడుకు వెళ్లిపోతుంది, అప్పటినుంచి సెప్టెంబరు దాకా ఈ గేటు బార్లా తెరిచే ఉంచుతారు, కట్టెల ట్రాక్టర్లకు అడ్డం లేకుండా. ఆమె తాత నాటి నుంచీ అంతే. గీడి మరిచిపోయి ఉంటాడనుకుంది. బీడు ఖాళీగా కనబడుతోంది. ఎక్కడో అవతల చెట్ల వైపు నుంచి ఒక్క గంట ఒకసారి మోగింది. పక్క ఊరి మందదే అనుకుంది.

అందరూ లోపలికి వచ్చారు. చివర వోండ్రాక్ గారు దిగి, సైకిలు కంచెకు ఆనించి, గేటు సగం దాకా లాక్కొచ్చారు.

"వదిలేయండి వోండ్రాక్ గారూ!" అని అరిచింది బుర్గి. "యాకోబు వెళ్లిపోయాడు, ఇంక ఇక్కడ ఆవుల్లేవు. మీ ఉద్యోగం సెప్టెంబరు దాకా సెలవు!"

"పలక మీద మూయమని ఉంది కదమ్మా."

"ఆ పలక రాసింది నేనేనండీ."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి సైకిలెక్కి ముందుకు సాగారు. గాలికి గేటు కొట్టుకోకుండా బుర్గి వెనక్కి వెళ్లి దాన్ని పూర్తిగా తోసి, గేటు పక్కనున్న మొద్దు వెనక దురదాకుల మధ్యలో మోకాలెత్తున ఉండే ఇనప కొక్కేనికి తగిలించింది. ఆ కొక్కెం అక్కడుందని కొత్తవాళ్లకు తెలీదు. చేతికి ఆకు తగిలి సుర్రుమంది. గౌనుకు రుద్దుకుంటూ వచ్చి పెడలు తొక్కింది.

గుడిసె దగ్గర రోసినా లేదు. తలుపు మీద చీటీ ఉంది. 'మజ్జిగ తొట్టిలో ఉంది. గ్లాసులు కడిగి బోర్లించండి.' నీళ్ల తొట్టిలో చల్లగా మునిగి ఉన్న జాడీ తీసి తాగారు, రొట్టే జున్నూ తిన్నారు, గ్లాసులు కడిగి బోర్లించారు. దారి మంచిది, రోజు మంచిది. నాలుగింటికల్లా ఇంట్లో ఉన్నారు. వోండ్రాక్ గారు తప్ప ఆ రోజు వచ్చిన అతిథులంతా సాయంత్రమే తమ ఊళ్లకు వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున రొట్టెల కొట్లో తెలిసింది. పైబీడు ఊట ఈ వేసవి మట్టిపెళ్లలు విరిగిపడి పూడిపోయిందట. దాన్ని బాగు చేసేదాకా రోసినా మందను కిందిబీడులోనే ఉంచిందట. నిన్న ఆమె పైకి వెళ్లింది ఆ ఊట నీటి గొట్టం పని మీదేనట. మధ్యాహ్నం ఈగల బాధకు ఆవులన్నీ అవతలి చెట్ల నీడన పడుకున్నాయి. సాయంత్రం పాడి ఆవులు వాటంతటవి గుడిసెకు వచ్చాయి. పెయ్యలు నాలుగు గేటులోంచి అడవిలోకి దిగిపోయాయి. మూడు దారి పక్కనే దొరికాయి. నాలుగోది వాగు లోయలో బండల మీద పడి ఉంది.

"ఏది?" అంది బుర్గి, సంచీ కౌంటరు మీద పెట్టేసి.

"ఫ్లోర. తొలిచూలుది" అంది కొట్టావిడ.

రొట్టెలు కొనకుండానే బయటికి వచ్చి సైకిలెక్కింది. కిందిబీడు గేటు మూసి ఉంది, గొలుసు తగిలించి ఉంది. కొక్కెం వైపు చూడకుండా దాటింది. లోయ అంచున గీడి ట్రాక్టరు నిలబడి ఉంది, తాడు కిందికి దిగి ఉంది. రోసినా పక్కన నిలబడి రెండు చేతులూ ఏప్రను జేబుల్లో పెట్టుకుని తాడు వంక చూస్తోంది.

ఒకే బెంచీ మీద ఎనిమిదేళ్లు చదువుకున్నారు ఇద్దరూ. బుర్గి పెళ్లికి రోసినా తోడు పెళ్లికూతురు. రోసినా తల్లి పోయినప్పుడు బుర్గి మూడు రాత్రులు ఆ ఇంట్లో పడుకుంది. బుర్గి దగ్గరకొచ్చి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. రోసినా చేతులు జేబుల్లోంచి తీయలేదు.

"నిన్న మీవాళ్లలో చివర ఎవరున్నారే?" అంది.

చెప్పాల్సిన మాట బుర్గి నోటి దాకా వచ్చింది. గీడి ట్రాక్టరు మీంచి తల తిప్పి చూశాడు. పదకొండేళ్ల కిందట బల్ల గుద్దిన మనిషి.

"వోండ్రాక్ గారు" అంది బుర్గి.

అది నిజమే. చివర ఉన్నది ఆయనే. ఎవరైనా అడిగి చూసుకోవచ్చు.

రోసినా ఆమె మొహం వంక కాసేపు చూసింది. "అలాగా" అంది.

"ఆ ట్రామ్ వాడా!" అన్నాడు గీడి. "పట్టాలుంటేనే నడపగలడు వాడు. చెప్పానా నేను? చెప్పానా లేదా?"

తాడు బిగుసుకుంది, ట్రాక్టరు కదిలింది. బుర్గి మొహం పక్కకు తిప్పుకుంది.

ఆ కబురు మధ్యాహ్నానికే ఊరంతా పాకింది. సాయంత్రం వోండ్రాక్ గారు బీరు తాగడానికి వెళ్లి, గ్లాసు సగంలోనే వదిలి తిరిగొచ్చారు. మర్నాడు పొద్దున ఫలహారాల గదిలో కొత్తగా దిగిన అతిథులు వెళ్లిపోయేదాకా కూర్చున్నారు. ముందున్న గుడ్డు ఒలవలేదు. బుర్గి కాఫీ పోయడానికి వచ్చింది.

"బుర్గీ, ఒక మాట అడగనా?"

"అడగండి."

"నేను గేటు దగ్గర దిగానా?"

బుర్గి కాఫీ పోస్తూనే ఉంది.

"దిగినట్టే గుర్తమ్మా" అన్నారాయన. "చెయ్యి దాని మీద పెట్టినట్టు కూడా ఉంది. కానీ అది వేరే బుధవారందేమో. పోయిన ఏడాదిదేమో. నేను దిగని గేటేది చెప్పు, ఇక్కడ! అన్నీ కలిసిపోతున్నాయి. నువ్వేదో అన్నట్టు కూడా ఉంది, అందరూ నవ్వినట్టు... నువ్వు చూశావా?"

గది తలుపు దగ్గర హెర్మీనె కర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. ఆమె మొహంలో ఉన్నది ఈ ఒక్క గేటు సంగతి కాదని బుర్గికి తెలిసింది. వాళ్లు వచ్చిన రోజే వంటింట్లో చెవిలో చెప్పింది. ఈ మధ్య ఈయన తాళాలు ఫ్రిజ్‌లో పెడుతున్నారు, ఒకసారి మా ఇంటి మెట్లకు బదులు పక్కింటి మెట్లెక్కారు, డాక్టరు దగ్గరికి రమ్మంటే రావడం లేదు అని.

"ఏమోనండీ" అంది బుర్గి. "నేను ముందున్నాను కదా."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. నేల మీద ఒలికిన కాఫీ చుక్క తుడవడానికి వంగి, కావాల్సిన దానికంటే ఎక్కువసేపు తుడిచింది.

"అవును. నువ్వు ముందుంటావు" అన్నారు వోండ్రాక్ గారు. "ముందున్నవాళ్లకు వెనకేం జరిగిందో ఎలా తెలుస్తుంది? అందుకేగా వెనక ఒకణ్ని పెట్టేది."

ఆ రోజు ఆయన శుభ్రమైన చొక్కా తొడుక్కుని, మెడకు టై కట్టుకుని, ఒక్కరే నడుచుకుంటూ రోసినా గుడిసెకు వెళ్లి క్షమించమని అడిగి వచ్చారు. సైకిలు ముట్టుకోలేదు. రోసినా ఏమందో ఆయన చెప్పలేదు. మూడో రోజున, ఇంకా పది రోజులుండగానే, పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. బస్సు ఎక్కేముందు బుర్గి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "నీ మాట పోగొట్టాను. వాళ్ల ముందు నిలబడి మాటిచ్చావు నువ్వు" అన్నారు.

బుర్గి ఆయనకు దారిలో తినడానికని ఆల్‌బుఖరా పండ్ల రొట్టె పొట్లం ఇచ్చింది. అది ఇచ్చినందుకు తర్వాత తన మీద తనకే రోత పుట్టింది.

చెబుదామనే అనుకుంది. ముందు వాళ్లు ఇల్లు చేరనీ అనుకుంది. తర్వాత గడ్డి కోతలు కానీ అనుకుంది. సారాయి కొట్టులో సమావేశం పెట్టి, వచ్చే ఏటి నుంచి కిందిబీడు దారిలో సైకిళ్లు వద్దని తీర్మానించారు. బుర్గి వెళ్లలేదు, తలనొప్పి అంది. లెంజ్ వెళ్లొచ్చి చెప్పాడు. "నిన్నెవరూ ఏమీ అనలేదులే. నువ్వేం చేస్తావు పాపం, ముసలాయన మతిమరుపుకి, అన్నారు. గీడి కూడా అన్నాడు."

గీడి కూడా తన మీద జాలి పడ్డాడన్న మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

వేసవి రోజుల్లో ఆమె ఏటా చేసే పని ఒకటుంది. లెంజ్ మిల్లులో పల్చగా చిత్రిక పట్టిన స్ప్రూస్ చెక్క పొరల్ని నానబెట్టి, వేళ్ల మీద చుట్టి, గులాబీలు చేస్తుంది. రంగు వేసి, దారంతో కట్టి, అట్టపెట్టెల్లో పేరుస్తుంది. సెప్టెంబరులో మంద కొండ దిగేటప్పుడు రోసినా ఆవుల తలల మీద నిలిచే కిరీటాలకు ఆ గులాబీలే. ముందు ఆవుకు నూట ఇరవై కావాలి. జూలై ఆఖరుకు ఒక పెట్టె నిండింది.

వేసవిలో మందలో ఒక్క ప్రాణం పోయినా ఆ ఏడు కిరీటాలుండవు. అది అందరికీ తెలుసు. అయినా బుర్గి వంటింటి బల్ల దగ్గర కూర్చుని చుడుతూనే ఉంది.

"ఎవరికే అవి?" అన్నాడు లెంజ్ ఒక సాయంత్రం.

"చేతులు ఊరికే ఉండవు."

"మేజోళ్లు అల్లు. ఈ ఏడు ఒట్టి తలలతోనే దిగుతాయి కదా."

"తెలుసు లెంజ్."

అతను ఆమె ఎదురుగా కూర్చుని ఒక గులాబీ తీసి తిప్పి చూశాడు. "రెండు వారాలనుంచి రోసినా ఇంటికి వెళ్లలేదు నువ్వు. ఏమైనా అన్నదా?"

"ఏమీ అనలేదు."

"మరింకేం?"

ఆమె నీళ్లలోంచి ఇంకో చెక్క పొర తీసింది. అతను గులాబీని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

రోసినా నిజంగానే ఏమీ అనలేదు. రొట్టెల కొట్లో కనబడితే తల ఊపుతుంది. ముందులాగా "ఏమే బుర్గీ, బతికున్నావా!" అని అరవదు. పెయ్య పోయిన దుఃఖం అనుకునేందుకు బుర్గి గట్టిగా ప్రయత్నించింది.

మంద దిగే రోజుకు ముందు రోజు మధ్యాహ్నం హెర్మీనె ఫోన్ చేసింది. రోసినా వాళ్లకు ఏదైనా పంపుదామని అడగడానికి చేసిందట. పాత ట్రామ్ గంట ఒకటి వాళ్ల దగ్గరుందట, ఆవు మెడకు పనికొస్తుందేమో అని ఈయన అడగమన్నారట.

"ఎలా ఉన్నారాయన?"

"ఎలా ఉంటారు! సైకిలు పక్కింటివాడికి ఇచ్చేశారు. గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు లేస్తారు. తలుపు మీద చీటీలు అంటించారు, తాళం, దీపం, పొయ్యి అని. డాక్టరు దగ్గరికి వచ్చారులే చివరికి. ఆయన చూసి, వయసుకు తగ్గట్టే ఉంది, భయపడాల్సింది లేదు అన్నాడు. ఈయన నమ్మరే! 'డాక్టరుకేం తెలుసు, ఆ గేటు దగ్గర అతను లేడుగా' అంటారు."

బుర్గి ఫోన్ పెట్టేసి, గులాబీల పెట్టెలు రెండూ దించి, మూతలు తీసి చూసి, మళ్లీ మూసింది. ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లవారుతూనే పెట్టెల్ని సైకిలు వెనక కట్టుకుని బయల్దేరింది. ఎందుకు తీసుకెళుతోందో తనకే తెలీదు. వట్టి చేతులతో వెళ్లలేకపోయింది, అంతే.

అడవిలో మంచు పొగ వాగు మీద నుంచి ఇంకా లేవలేదు. ఎప్పుడూ లేనిది ఆ మెల్లని ఎత్తులో కూడా ఆమెకు ఆయాసం వచ్చింది. కిందిబీడు గేటు దగ్గర దిగింది. 'తెరిచావా? మూసి వెళ్లు.' తన చేతి రాతే. లోపలికి వచ్చి, మూసి, గొలుసు తగిలించి, లాగి చూసింది.

గుడిసె ముందు ఆవులన్నీ కూడి ఉన్నాయి. మెడల్లో పెద్ద గంటలు కట్టారు, తలల మీద ఏమీ లేదు. రోసినా ఒక ఆవు కాలికి అంటిన బురద కడుగుతోంది. పెట్టెల వంక చూసింది.

"అవెందుకు మోసుకొచ్చావే? తెలీదా?"

"తెలుసు." బుర్గి సైకిలు పట్టుకునే నిలబడింది. "రోసీ, నీకొకటి చెప్పాలి. ఆ గేటు..."

"తగిలించింది నువ్వు."

బుర్గి సైకిలు గోడకు ఆనించింది.

రోసినా గుడ్డ బకెట్లో పిండి నిటారుగా నిలబడింది. "మరిచిపోయినవాడు వదిలిన గేటు గాలికి ఊగుతూ ఉంటుందే. అది కొక్కేనికి ఉంది. దురదాకుల్లో చెయ్యి పెట్టి నేనే తీశాను. ఆ కొక్కెం పట్నం వాడికేం తెలుసు? యాకోబు పండుగైతే గేటు తెరిచి కొక్కేనికి పెట్టాలని వాడికేం తెలుసు? నేనో, గీడో, నువ్వో. నేను పెట్టలేదు. గీడి పెట్టలేదు."

"మొదట్నుంచీ తెలుసా?"

"లోయ దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకోబోయావు చూడు, అప్పుడు నీ మణికట్టు మీద దద్దుర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అయినా అడిగాను. నువ్వు చెబుతావని అడిగాను."

బుర్గి తల దించుకుంది. "తిట్టవే" అంది.

"పెయ్య గురించా? మంద ఆలస్యమైందని నీకు కబురు పంపకపోవడం నా తప్పు కూడా. నేనైనా తెరిచే పెట్టేదాన్నేమో. పొరపాటు ఎవరైనా చేస్తారు." రోసినా గొంతు అప్పుడే మారింది. "ఆ ముసలాయన టై కట్టుకుని వచ్చాడే ఇక్కడికి. ఈ మెట్టు మీద కూర్చున్నాడు. 'అమ్మా, నాకు గుర్తులేదు, కానీ నేనే అయి ఉంటాను' అన్నాడు. ఏడ్చాడు. 'అది మీరు చేసింది కాదు' అని ఆయనతో చెబుదామని నోటి దాకా వచ్చింది. కానీ అది నువ్వు చెప్పాల్సింది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని ఆరు వారాలు చూశాను. నేనూ నోరు మూసుకున్నాను నీ వల్ల. నాకూ సిగ్గుగానే ఉంది."

ఆవు ఒకటి తల విదిలించింది, గంట మోగింది.

"ఫోన్ తియ్యి" అంది రోసినా.

"ఇంటికెళ్లి చేస్తాను. నెమ్మదిగా కూర్చుని..."

"ఇక్కడే. కొండ దిగితే నువ్వు చెయ్యవు."

గుడిసె పక్క బెంచీ దగ్గర మాత్రమే సిగ్నలు అందుతుంది. బుర్గి నిలబడే చేసింది. నాలుగు మోతల తర్వాత వోండ్రాక్ గారే ఎత్తారు. ఆమె పేరు చెప్పగానే, "గంట సంగతేనా అమ్మా? వాళ్లు ఒప్పుకున్నారా?" అన్నారు ఆశగా.

"గంట సంగతి కాదండీ. గేటు సంగతి. మీరు దిగారు."

అటువైపు కుర్చీ లాక్కున్న చప్పుడు వినబడింది.

"మీరు దిగారు, సైకిలు కంచెకు ఆనించారు, గేటు సగం మూశారు కూడా. నేనే వద్దన్నాను. ఆవుల్లేవని చెప్పాను. పలక మీద మూయమని ఉందని మీరన్నారు. ఆ పలక రాసింది నేనే అని నేనన్నాను. అందుకే అందరూ నవ్వారు. మీకు గుర్తున్నదంతా నిజమే."

"చెయ్యి గేటు మీద పెట్టానా?"

"పెట్టారు."

"ఆ బుధవారమే?"

"ఆ బుధవారమే."

"మరి నేనడిగాను కదమ్మా నిన్ను" అన్నారాయన. "గుడ్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అడిగాను."

"అబద్ధం చెప్పాను వోండ్రాక్ గారూ."

ఆయన కోప్పడతారని ఎదురుచూసింది. కోప్పడితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన మాత్రం, "సైకిలు ఇచ్చేశాను" అన్నారు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. తర్వాత గట్టిగా, "హెర్మీనెకు చెప్పు. నేను చెబితే నమ్మదు, నన్ను ఊరడించడానికి ఒప్పుకుంటుంది. నువ్వు చెప్పు. మొదట్నుంచి చెప్పు, అన్నీ" అన్నారు.

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. ఈలోగా గీడి, వాళ్ల చుట్టాలు నలుగురూ కర్రలు పట్టుకుని గుడిసె వెనక నుంచి వచ్చారు, మంద తోలడానికి. మాటల చప్పుడు విని బెంచీ దగ్గర ఆగారు. బుర్గి వాళ్లను చూసింది. దూరంగా జరగడానికి లేదు, జరిగితే సిగ్నలు పోతుంది.

"హెర్మీనె గారూ" అంది. "యాకోబు పండుగ అయిపోయింది కదా, ఆవుల్లేవనుకున్నాను..." మొదట్నుంచి చెప్పింది. కొక్కెం సంగతీ చెప్పింది. కాఫీ పోస్తూ ఏమందో చెప్పింది. అంతా అయ్యాక హెర్మీనె, "తలుపు మీద చీటీలు మేం తీసేస్తాం. నీతో మాట్లాడేది మళ్లీ ఎప్పుడైనా చూద్దాం" అని పెట్టేసింది.

గీడి టోపీ తీసి చేతిలో తిప్పుతున్నాడు. "మరైతే మేమంతా ఆ ముసలాయన్ని..." అని సగంలో ఆపేశాడు.

"పదండి, పొద్దెక్కుతోంది" అంది రోసినా. గులాబీల పెట్టెలు తీసుకెళ్లి గుడిసె లోపల అలమర మీద పెట్టి తలుపేసింది. వచ్చే ఏటికనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఒక పొడుగాటి హేజెల్ కర్ర తెచ్చి బుర్గి చేతిలో పెట్టింది. "నువ్వు చివర నడు. గేట్లు వెయ్యి."

"ఊళ్లోకా? అందరూ చూస్తారు రోసీ."

"చూడనీ."

మంద కదిలింది. ముందు రోసినా, పక్కల గీడి వాళ్లు, ఇరవై ఆరు ఒట్టి తలలు, వాటి వెనక బుర్గి. కిందిబీడు గేటు దగ్గర అన్నీ దాటేదాకా నిలబడింది. మూసింది, గొలుసు తగిలించింది, లాగి చూసింది. ముందు మంద ఆగి ఉంది. రోసినా వెనక్కి తిరిగి చూస్తోంది. బుర్గికి అరవడం చేతకాలేదు, చెయ్యి మాత్రం ఎత్తింది. మంద సాగింది.

ఊరి మొదట్లోనే రొట్టెల కొట్టు. మంద వస్తుందని జనం అప్పటికే రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. కిరీటాల్లేని తలలు చూసి మాటలు తగ్గించారు, మగవాళ్లు టోపీలు తీశారు. చివర పేడ తొక్కుకుంటూ నడుస్తున్న బుర్గిని చూసి కొట్టావిడ ఆశ్చర్యపోయింది.

"ఏమమ్మా బుర్గీ! నువ్వేంటి, మంద వెనక?"

బుర్గి ఆగింది. "ఆ రోజు గేటు తెరిచి పెట్టింది నేను" అంది. "వోండ్రాక్ గారు కాదు. ఆయన మూయబోతే నేనే వద్దన్నాను."

పక్కనున్నావిడ "ఏమంది, ఏమంది?" అని అడుగుతోంది. బుర్గి కర్ర పట్టుకుని ముందుకు నడిచింది. తర్వాతి ఇంటి ముందు సారాయి కొట్టు వాడూ అతని భార్యా నిలబడి ఉన్నారు. ఆ తర్వాత చర్చి దాకా ఇంకా ముప్పై ఇళ్లున్నాయి.